అమ్మకానికి వచ్చిన గడీలో మా వాటా

మా ఊరి గడీ, అంటే దొరల పెద్ద ఇల్లు, అమ్మకానికి వచ్చింది. బ్రోకరు వాట్సాప్‌లో పంపిన వివరాల్లో రెండు ధరలున్నాయి. జాగాకు గజాల లెక్కన ఒకటి. దూలాలు, మొగురాలు (కర్ర స్తంభాలు), పెద్ద దర్వాజా కలిపి కర్రకు ఇంకొకటి. ఇంటికి మాత్రం ధర లేదు. ఫోన్ చేసి అడిగాను. "బిల్డింగుకు ఏం ధర మేడం? అది కూలగొట్టుడే కదా. జేసీబీ ఖర్చు, మట్టి ఎత్తిపోసే ఖర్చు కొన్నాయన మీదనే పడ్తది. అందుకే రేటు జర తగ్గించి పెట్టినం" అన్నాడు. అంటే మార్కెట్ దృష్టిలో ఆ గోడలు ఆస్తి కాదు, వదిలించుకోవలసిన బరువు.

పదో తరగతి దాకా నేను పెరిగింది ఆ ఇంట్లోనే. అది మాది కాదు. మా బాపు ప్రైమరీ స్కూల్లో పంతులు. ఎమర్జెన్సీ తర్వాత రోజుల్లో, దొరల కుటుంబం మొత్తం హైదరాబాద్‌లో స్థిరపడ్డాక, గడీలో ఎడమవైపు రెండు అర్రలు (గదులు) కిరాయికి తీసుకున్నాడు. ముందున్న కచేరి సావడిలో కొన్నేళ్లు బడి నడిచింది. ఇంకో మూల పోస్టు డబ్బా ఉండేది. కాబట్టి ఏ దస్తావేజులోనూ మా పేరు లేదు. అయినా ఈ అమ్మకం గురించి మాట్లాడే హక్కు మాకూ, మా ఊళ్లో చాలా ఇళ్లకూ ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్తాను.

మాది నల్లగొండ జిల్లా నకిరేకల్ నుంచి లోపలికి పోయే దారిలో, మూసీ కాలువ నీళ్లు అందే ఊరు. హైవే దగ్గరవడంతో ఇప్పుడు అటువైపంతా వెంచర్లు, రంగు జెండాలు. అమ్మకం సంగతి తెలిశాక ఒకసారి పోయి చూసి వచ్చాను. దర్వాజా ఇంకా నిలబడే ఉంది. రెండు నిలువుల ఎత్తు, టేకు చెక్క, దాని నిండా పిడికిలంత ఇనుప బొడిపెలు. కుడి తలుపులో మనిషి వంగి దూరేంత దిడ్డి. పెద్ద తలుపులు తెరిచేది దొర బండికీ, పెళ్లికీ, పీనుగకూ మాత్రమేనట. మిగతా జనమంతా దిడ్డిలోంచి తల వంచే లోపలికి రావాలి. దర్వాజా పైకమ్మీ మీద ఉర్దూ అంకెల్లో ఫసలీ (నిజాం కాలపు సర్కారీ సంవత్సరం) 1325 అని చెక్కి ఉంది. అంటే 1915–16. చిన్నప్పుడు ఆ గీతలు ఏవో పువ్వులనుకునేదాన్ని.

లోపల నాలుగు దిక్కులా దాలాన్ (వరండా), నడుమ ఆకాశం కనిపించే వాకిలి. రాతి దిమ్మెల మీద నిలబెట్టిన మొగురాలు. గోడలు ఎంత మందమంటే, కిటికీ గూట్లో కాళ్లు చాపుకుని కూర్చుని నేను పరీక్షలకు చదువుకున్నాను. మే నెలలో కూడా మా అర్రలో ఫ్యాను అక్కర్లేకపోయేది. అది రాయి, మట్టి, డంగు సున్నంతో కట్టిన గోడ. ఆ సున్నాన్ని ఇసుకతో కలిపి, గుండ్రటి రాతి కాలువలో ఎడ్లతో రాతి చక్రం తిప్పించి రోజుల తరబడి నూరేవాళ్లు. కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లమూ కలిపేవాళ్లు. ఆ గానుగ చక్రం ఇప్పటికీ హనుమండ్ల గుడి పక్కన పడి ఉంది. పిల్లలు దాని మీద ఎక్కి ఆడుకుంటారు.

ఇప్పుడు ఎడమవైపు మిద్దె సగం దిగిపోయింది. ఇలాంటి ఇళ్లన్నీ ఒకే తీరుగా పోతాయి. మొదట మిద్దె మీద ఒకచోట నీళ్లు నిలుస్తాయి. ఆ తడి కింది దంతెలకు, అంటే కప్పును మోసే కర్రలకు, దిగుతుంది. తడిసిన కర్రకు చెదలు పడుతుంది. ఒక దూలం కుంగితే పక్క గోడ విచ్చుకుంటుంది. ఆ సందులో పిట్టలు వేసిన రావి గింజ మొలుస్తుంది. రావి వేరు ఒకసారి గోడలోకి పోయిందంటే రాయిని రాయి నుంచి విడదీస్తుంది. మధ్యలో ఎవరో మంచి ఉద్దేశంతోనే సిమెంటు పూస్తారు. సున్నపు గోడ తడిని పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది, సిమెంటు పూత ఆ దారిని మూసేస్తుంది. తడి లోపలే ఉండిపోయి గోడ పొట్టుపొట్టుగా రాలుతుంది. మేమున్న అర్రలో గోడ అడుగున మోకాలి ఎత్తు దాకా అదే జరిగింది.

వెనక సాయమానులో (వెనక వసారాలో) రోళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. నేలలో పాతిన రాతి రోళ్లు మూడు, వరసగా. నడిమి రోలు అంచు ఒకవైపు బాగా అరిగి పలచబడి, లోపలికి జారినట్టుగా ఉంటుంది. చెయ్యి పెట్టి రాస్తే ఆ భాగం అద్దంలా నున్నగా తగులుతుంది. మిగతా అంచు గరుకే. ఎప్పుడూ ఒకే పక్కన నిలబడి, ఒకే ఎత్తు మనిషి, ఏళ్ల తరబడి రోకలి వేస్తే తప్ప రాయి అలా అరగదు.

ఆ మనుషుల్లో ఒకామె మా నాయనమ్మ. మాది చాకలి ఇల్లు. గడీ బట్టలు ఉతకడం ఒక్కటే కాదు, పండగ వచ్చినా పెళ్లి వచ్చినా పసుపు, కారం దంచడం, వడ్లు దంచడం మా ఆడవాళ్ల వంతు. కూలి లేదు. పిలుపు వస్తే పోవాలి, అంతే. పసిపిల్లకు పాలిచ్చి వస్తానన్నా ఆగే పని లేదు. ఈ కూలి లేని పనినే వెట్టి అంటారు. నిజాం సర్కారు ఫర్మానాల్లో వెట్టిని కాగితం మీద ఎప్పుడో ఆపింది. ఆ కాగితం మా సాయమాను దాకా రాలేదు. గడీ కట్టేటప్పుడు కూడా అంతేనని ఆమె తన అత్త చెప్పగా విన్నదట. వడ్డెరలు రాయి కొట్టారు, కుమ్మరులు పెంకలు కాల్చి ఇచ్చారు, కాపుల బండ్లు వంతులవారీగా రాయి మోశాయి. ఎడ్లు ఎవరివో, బండి ఎవరిదో, సమయం ఎవరిదో. ఇల్లు మాత్రం ఒక్కరిది.

మేం ఆ ఇంట్లో దిగిన రోజు నాయనమ్మ దిడ్డిలోంచి వంగి లోపలికి వచ్చిందట. పెద్ద తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఆ రోజు సంగతి మా అమ్మ చెప్పేది. ముందరి అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు, పక్కన నేల మీద చతికిలబడింది. మా బాపు కోపంగా, "కూసో అవ్వా. కిరాయి కడుతున్నం, ఎవ్వలయ్య సొమ్ము కాదు" అన్నాడు. అయినా చాన్నాళ్లు కూర్చోలేదు. నాకు ఊహ తెలిసేసరికి మాత్రం ఎండాకాలం రాత్రుళ్లు ఆమె నులక మంచం ఆ అరుగు మీదే ఉండేది, నేను ఆమె పక్కన పడుకునేదాన్ని. ఆ నేల నుంచి ఆ అరుగు మీదికి ఆమె ఎప్పుడు ఎక్కిందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. అడిగితే, "కాళ్లు నొచ్చినయి బిడ్డా, కూసున్న" అని ఊరుకునేది. నడిమి రోలు చూపించి మాత్రం "ఇది నాది" అనేది. అందులో బాధ ఉందో గర్వం ఉందో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయనుకుంటున్నాను.

ఆ ఇంటి మీద మా హక్కు ఆ రోలు అంచు. దాన్ని ఏ సబ్ రిజిస్ట్రారూ రాయడు.

గడీ వారసుల్లో ఒకాయన నాకు పరిచయమే, హైదరాబాద్‌లో ఇంజినీరు. మాట్లాడటానికి పోతే ఇంట్లో కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి ఓపికగా విన్నాడు. "అక్కా, మాకు మాత్రం బాధ ఉండదా? ముత్తాత కట్టిన ఇల్లు. కానీ పది మందికి పైగా వాటాదారులం. సగం మంది దేశంలోనే లేరు. ఒకాయన రిపేరుకు పైసలిస్తే ఇంకొకాయన ఇయ్యడు" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో వచ్చిన సవరణతో ఆడపిల్లలకూ సమాన వాటా వచ్చింది. అది న్యాయం, రావలసిందే. కానీ మనుమలు, ముని మనుమలు అందరి సంతకాలూ కావలసిన ఇంటికి ఎవరూ పెంకు మార్చరు. పొలానికైతే పాసుపుస్తకం ఉంటుంది. గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల జాగాలో, ఉన్న ఇంటికి పంచాయతీ పన్ను రశీదే ఆధారం. కాబట్టి అందరూ ఒప్పుకోగలిగింది ఒక్క అమ్మకమే. ఆయన్ని నేను తప్పుబట్టను. వెట్టి చేయించింది ఆయన కాదు.

ఆయన మనసులో ఉన్నదేమిటంటే, ఎవరైనా కంపెనీ వాళ్లు కొని రిసార్ట్ చేస్తే ఇల్లు నిలుస్తుందని. "హెరిటేజ్ లుక్ ఉన్నది కదా, వీకెండ్‌కు సిటీ నుంచి జనం వస్తరు." ఇక్కడే నాకు పేచీ. రిసార్ట్ అయితే గోడలు ఉంటాయి, నిజమే. కచేరి సావడిలో డబుల్ కాట్ వేస్తారు. ఊళ్లో మనుషుల్ని పిలిపించి నిలబెట్టి, తగువులు తీర్చి, జరిమానాలు వేసి, కొట్టించిన జాగా అది. దొరవారి సూట్ అని పేరు పెడతారు. బంట్రోతు తలపాగా చుట్టిన పిల్లాడు దర్వాజా దగ్గర వంగి దండం పెడతాడు. ఆ పిల్లాడు మా ఊరివాడే అవుతాడు, ఎందుకంటే ఆ జీతానికి ఇంకెవరూ రారు. ఇల్లు బతికిందని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను.

ఇక రెండో పక్క. నాతో చదువుకున్న ఒకతను ఊళ్లోనే ఉంటాడు, హమాలీల సంఘంలో పెద్ద. "కూలితే కూలనియ్యి. ఆ గోడలల్ల మన తాతల చెమట ఉన్నది, మన అవ్వల ఏడ్పు ఉన్నది. దొరల ఇజ్జత్ నిలబెట్టెటందుకు నువ్వెందుకు తిరుగుతున్నవే?" అని నిలదీశాడు. ఈ మాటకు బదులు చెప్పడం అంత సులువు కాదు. మా జిల్లాలో ఈ మాటకు వెనక చరిత్ర ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ (పెద్ద భూస్వామి) రాపాక రామచంద్రారెడ్డి గడీ అప్పటి నల్లగొండ జిల్లాలోనిదే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను కాపాడుకోవడానికి ఎదురు నిలిచింది ఆ గడీకే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద తుపాకులు పేలి దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లలో ఊరూరా దొరలు గడీలకు తాళాలు వేసి పట్నం పోయారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక, మిలిటరీ వెంట చాలామంది తిరిగి వచ్చారు. 1951లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించేదాకా మా ఊళ్లవాళ్లు పడ్డ దెబ్బలు ఇన్నీ అన్నీ కావు. గడీ కూలాలని కోరుకునేవాళ్ల కోపం ఊరికే పుట్టింది కాదు.

అయినా నేను ఒప్పుకోను. నేరం జరిగిన చోటును కాపాడుకోవలసింది నేరం చేసినవాళ్లు కాదు, నష్టపోయినవాళ్లే. సాక్ష్యం పోతే లాభం ఎవరికి? మా పిల్లల పుస్తకంలో వెట్టిచాకిరి ఒక పేరా. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. మా అక్క కొడుకును ఒకసారి ఆ దిడ్డిలోంచి రమ్మన్నాను. ఆరడుగుల పిల్లాడు, నడుం వంచి, తల వంచి వచ్చాడు. వచ్చి నిలబడి, "పిన్నీ, పెద్ద తలుపు తీసి ఉన్నా మీ నాయనమ్మ ఇట్లనే వచ్చిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఏ పేరా చదివితే వస్తుంది? ఆ తలుపును విప్పి హైదరాబాద్ శివార్లలో ఎవరి ఫామ్‌హౌస్‌కో పెడితే అది మంచి చెక్కపని, అంతే.

2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మా ఇంట్లో అందరం సంతోషపడ్డాం, మా అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ ఐలమ్మలాంటి వేలమంది ఆడవాళ్లు ఏ నేల మీద నిలబడి ఏం చేశారో చూపించే చోటు మా జిల్లాలో ఒక్కటైనా ఉందా? భూదాన్ పోచంపల్లికి పోతే గుర్తులు దొరుకుతాయి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చాడు. అక్కడ జ్ఞాపక మందిరం ఉంది, ఊరి పేరులోనే ఆ దానం ఉంది. ఉండాల్సిందే, అది గొప్ప సంగతే. అయితే ఆ రోజు వినోబాను భూమి అడిగింది ఆ ఊరి దళిత కుటుంబాలు. నలభై ఇళ్లకు ఎనభై ఎకరాలు చాలన్నారు. అడిగినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? మనకు ఇచ్చిన చేతి గుర్తులు ఉన్నాయి. చేసిన చేతుల గుర్తులు ఇంకా గోడల్లోనే ఉన్నాయి, వాటికే ఇప్పుడు జేసీబీ ఖర్చు లెక్కకడుతున్నారు.

"అయితే ఏం చేద్దామంటవు? సర్కారుకు ఇస్తే నిలబడ్తదా?" అని ఆ మిత్రుడే అడిగాడు. ఊరికే ఇస్తే నిలబడదు. తాళం వేసి బోర్డు పెట్టిన ఇల్లు కూడా కూలుతుంది. మనుషులు మసిలే ఇల్లే నిలుస్తుంది. దానికి దక్షిణాన దాఖలాలున్నాయి. వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. గద్వాల కోట లోపల డిగ్రీ కాలేజీ ఉంది, చెన్నకేశవస్వామి గుడి ఉంది. వాటి నిర్వహణ మీద ఎన్ని ఫిర్యాదులున్నా, తరాల పిల్లలు ఆ రాళ్ల నడుమ చదువుకున్నారు. రాజులు ఎక్కిన మెట్ల మీద కూలీల పిల్లలు కూర్చుని లెక్కలు చేశారు. అదీ ఒక ఇంటిని సొంతం చేసుకోవడమంటే. మా గడీలోనూ అది జరిగింది. కచేరి సావడిలో నేను ఎక్కాలు నేర్చుకున్నాను.

చట్టం సంగతి చూస్తే పెద్ద ఆశ పెట్టుకోలేం. 2017లో రాష్ట్రం వారసత్వ కట్టడాల చట్టం చేసింది. అది అండగా ఉండేది గుర్తింపు పొందిన కట్టడాలకే. మాలాంటి ఊరి గడీలు జాబితాల దాకా పోవు. కానీ దర్వాజా విషయంలో ఒక మాట బ్రోకరుకు చెప్పాను, ఆయన నమ్మలేదు. 1972 నాటి కేంద్ర పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన భవనం నుంచి విడదీసిన వస్తువు కూడా పురావస్తువు లెక్కలోకి రావచ్చు. దాన్ని ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు. అలాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. డెబ్భై ఐదేళ్లు దాటిన చారిత్రక కాగితాలకూ ఇదే వర్తిస్తుంది. పైకమ్మీ మీద ఫసలీ 1325 అని చెక్కి ఉండటం ఇక్కడ పనికి వచ్చింది. ఆ తలుపు వయసును ఎవరూ కాదనలేరు.

నేను అడుగుతున్నది మొత్తం ఇంటిని మ్యూజియం చెయ్యమని కాదు. అంత డబ్బు ఎవరి దగ్గరా లేదు, అబద్ధపు ఆశలు నాకొద్దు. అమ్ముకోండి. జాగాలో వెనకవైపు ఖాళీదంతా ప్లాట్లు చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ముందున్న దర్వాజా, అరుగులు, కచేరి సావడి, వెనక సాయమానులో రోళ్లున్న భాగం, ఇంతవరకు విడదీసి పంచాయతీ పేర రాయండి. సావడి గోడలు గట్టివి, మిద్దె మారిస్తే చాలు. అందులో ఊరి గ్రంథాలయం పెట్టవచ్చు. ఇప్పుడున్నది రేకుల గదిలో, వాన పడితే పుస్తకాలు తడుస్తున్నాయి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దాని కోసమే నకిరేకల్ దాకా పోతున్నారు. వాళ్లు రోజూ వస్తే ఆ ఇల్లు బతుకుతుంది. గోడ మీద కట్టించినాయన పేరు ఉండనివ్వండి, దాని పక్కనే రాయి కొట్టినవాళ్లు, పెంకలు చేసినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు, దంచినవాళ్ల ఇంటిపేర్లు కూడా రాయండి. ఊళ్లో ముసలివాళ్లకు ఇంకా గుర్తున్నాయి. ఆ గోడలకు సిమెంటు మాత్రం పూయవద్దు, సున్నం పనే చేయించాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయినా అసలే లేకుండా పోలేదు.

కూలగొట్టడం ఎట్లాగూ తప్పని భాగాలను కూడా ముందు కొలిచి, గీసి, ఫొటోలు తీసి పెట్టాలి. ఏ అర్ర ఎంత, ఏ దారి ఎవరు నడిచేది, ఎక్కడ ఎవరు నిలబడేది, అన్నీ. ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు నాలుగు రోజుల్లో చెయ్యగల పని. మేడ మీద చెక్కపెట్టెల్లో పాత లెక్కల కట్టలు ఉన్నాయి, నేను చూశాను. ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని. ఎవరి దగ్గర ఎంత ధాన్యం నాగుకు (ధాన్యపు అప్పు మీది వడ్డీకి) పోయిందో, ఎవరి భూమి ఎట్లా చేతులు మారిందో అందులో ఉండే అవకాశం ఉంది. ఇల్లు ఖాళీ చేసే రోజున అవి పాత పేపర్ల వాళ్ల తూకంలోకి పోకూడదు.

ఇవన్నీ రాసి, ఊళ్లో చాలామందితో సంతకాలు పెట్టించి, వారసుల్లో ఆ ఇంజినీరు గారికి ఇచ్చాను. సర్పంచ్ సంతకం పెట్టాడు. నా మిత్రుడు మొదట పెట్టనన్నాడు. గోడ మీద ఇంటిపేర్లు రాయాలన్న మాట చదివాక, తన తాత రాయి మోసిన సంగతి కూడా చేర్చమని చెప్పి పెట్టాడు. వారసుల వాట్సాప్ గ్రూపులో చర్చ జరుగుతోందట. లెక్కల కట్టలు రాష్ట్ర ఆర్కైవ్స్‌కు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. దర్వాజాను విడిగా అమ్మబోమని కూడా చెప్పారు. సావడి, సాయమాను విషయంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు సరేనన్నారు, అమెరికాలో ఉన్న ఒకాయన గజం ధర అడుగుతున్నాడు. పంచాయతీ దగ్గర అంత డబ్బు లేదు, ఊరు చందా వేసుకుంటే ఎంత వస్తుందో ఈ దసరాకు తెలుస్తుంది. ఆ పండక్కి బయట ఉన్నవాళ్లంతా ఊరికి వస్తారు కాబట్టి సావడిలోనే కూర్చుందామని కబురు పెట్టాం.